వాననీటి రుసుము, సేద్యపు నేల: రాయితీయా, దశబంధమా?
(మాధవరమును గూర్చిన విచారము)

వాన అందరి మీదను సమానముగ కురియును. ఆ నీటిని సాగనంపుటకగు వ్యయమును అందరును సమానముగ భరింపవలయునా యనునది మాత్రము సులభముగ తేలు ప్రశ్న కాదు. ఇంటికప్పుమీద పడిన చినుకు నిమిషములో వీధికి దిగును. వరిమడిలో పడిన చినుకు గట్టు దాటుటకు దినములు పట్టును. పెక్కుమారులు దాటనే దాటదు. ఈ రెండు చినుకులకును ఒకే వెల కట్టవచ్చునా? పొలమునకు వెల తగ్గించినచో అది దయచేత తగ్గించినదగునా, లెక్కచేత తగ్గినదగునా? చెన్నపట్టణమునకు ఉత్తరమున, నగరమును పల్లెయు కలిసియున్న మాధవరమును ముందుంచుకొని ఈ విషయమును పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1. రుసుము, పన్ను

పన్నునకును రుసుమునకును భేదము కలదు. పన్ను సామాన్యవ్యయమునకై విధింపబడునది. "ఇంత కట్టితిని, ఇంత మేలు చూపుడు" అని కట్టినవాడు అడుగుటకు వీలులేదు. రుసుము ఒక ప్రత్యేకసేవకు ప్రతిఫలము. ఈ భేదమును మన సర్వోన్నత న్యాయస్థానము 1954లో శిరూరు మఠపు వ్యాజ్యమున విశదపరచినది. ఆ వ్యాజ్యము 1951 నాటి మదరాసు హిందూ ధర్మాదాయ చట్టమునుండి పుట్టినదగుటచే, ఈ చర్చకు మదరాసుతో పుట్టువునాటి సంబంధమే యున్నదనవచ్చును.

వాననీటి రుసుమనగా వాననీటి కాలువలను కట్టి కాపాడుటకగు వ్యయమును, ఆ కాలువలలోనికి ఎవరి నేలనుండి ఎంత నీరు వచ్చునో చూచి, ఆ మేరకు వసూలుచేయు రుసుము. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రమునందలి బెల్‌వ్యూ నగరము 1974లో దీనికి వేరుగ ఒక సంస్థను ఏర్పరచి దారిచూపినది. అచట నేలయొక్క వైశాల్యమును, దానిమీద కట్టడములు ఎంత దట్టముగ నున్నవో ఆ తారతమ్యమును కలిపి రుసుము నిర్ణయించిరి. కట్టడములేని నేలకు తక్కువ, దట్టముగ కట్టిన నేలకు ఎక్కువ.

జర్మనీ దేశమున వెనుక కుళాయినీటి వాడకమును బట్టియే కాలువల వ్యయమును వసూలుచేయుచుండిరి. విశాలమైన ఆవరణమును రాతితో పరచిన అంగడికి కుళాయినీరు స్వల్పము. వానకాలమున అది కాలువలోనికి వదలు నీరు మిక్కుటము. ఇరుకుగదులలో పెద్ద కుటుంబముతో నుండువానికి కుళాయినీరు ఎక్కువ. అతని కప్పునుండి దిగు వాననీరు ఎంత? ఒకరి భారమును మరియొకరు మోయుచున్నారని న్యాయస్థానములు గుర్తించినవి. 2010లో బాడెన్-వుర్టెంబర్గు రాష్ట్రపు ఉన్నత పాలన న్యాయస్థానము మురుగునీటి రుసుమును, వాననీటి రుసుమును విడదీయవలసినదని తీర్పు చెప్పినది. అప్పటినుండి అచట నీరింకని నేలకు చదరపు మీటరు లెక్కను రుసుము. కాలువలోనికి నీరు పంపని తోటకు, పొలమునకు ఏమియు లేదు.

2. హామిల్టను నగరపు వివాదము

మాధవరమువారికి ఎక్కువ పోలికగల కథ కెనడా దేశపు అంటారియో రాష్ట్రమందలి హామిల్టను నగరమునది. 2001లో ఆ నగరమున చుట్టునున్న ఊళ్లు కలిసినవి. వానితోపాటు విస్తారమైన సేద్యపు భూములును నగరపు హద్దులలోనికి వచ్చినవి. అచట వాననీటి వ్యయములో చాలభాగము కుళాయినీటి పట్టీలోనే కలిసియుండెను. 2020 దశకములో దానిని విడదీసి ప్రత్యేకరుసుము పెట్టుటకు నగరసభ నిశ్చయించినప్పుడు రైతుల నుండి ఆక్షేపణ వచ్చెను.

రైతుల వాదము స్పష్టము. తమ పొలములలో పడిన వాన పొలములోనే ఇంకును. మిగిలినది పంటకాలువలకును, వాగులకును పోవును. నగరపు గొట్టములతో తమకు పనిలేదు. ఎదుటివారి వాదమును త్రోసివేయదగినది కాదు. పశువుల కొట్టములకును, పెద్ద పాకలకును కప్పులున్నవి. రోడ్డు పక్కనున్న కాలువలను నగరమే త్రవ్వించుచున్నది. బావినీరు వాడు పల్లెవారు అంతవరకు వాననీటి వ్యయములో కుళాయి పట్టీద్వారా ఏమియు ఇచ్చియుండలేదు. కావున రాయితీ ఇచ్చినచో ఆ లోటును పూడ్చవలసినవారు పట్టణమందలి గృహస్థులే కదా యని వారి ప్రశ్న.

ఈ రెండు వాదములను కలిపి చూచినచో చిక్కు ఎచ్చట నున్నదో తెలియును. "రాయితీ" అను మాటయే చిక్కునకు మూలము. రాయితీ యనగా ఇచ్చువాడు ఒకడు, పుచ్చుకొనువాడు ఒకడు అని అర్థము. పొలము నగరమునుండి పుచ్చుకొనుచున్నదా, నగరమునకు ఇచ్చుచున్నదా యని ముందు తేల్చుకొనక రాయితీని గూర్చి మాటాడుట తొందరపాటు.

3. మాధవరపు నేల, నీరు

ఆంధ్రదేశమునుండి కలకత్తా బాటను చెన్నపట్టణమునకు వచ్చువారికి మాధవరము వాకిలి వంటిది. తిరుపతి, నెల్లూరు దిక్కులకు పోవు బస్సులు 2018 నుండి ఇచటి బస్సు నిలయమునుండియే బయలుదేరుచున్నవి. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలో సేద్యము, పాడి వృత్తిగ నున్నవారు వెనుక పెక్కుమంది. నగరములోని పాడిపశువులను ఊరి వెలుపలికి తరలించుటకై వెలసిన మాధవరము పాలకాలనీ ఆ పూర్వస్థితికి గుర్తుగ నిలిచియున్నది. 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయపు ప్రధానకార్యాలయమును అచ్చటనే కలదు.

ఈ నేలయందు నీటి నడక యెట్టిది? పడమట రెడ్‌హిల్సు చెరువని పేరొందిన పుళల్ చెరువు. నిండినప్పుడు దానిలో 330 కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టును. దాని దక్షిణమున రెట్టేరి. తూర్పున మాధవరము, మాత్తూరు, మణలి చెరువులు. పుళల్ చెరువు నిండి అలుగు పారినప్పుడు, ఆ నీరు వడపెరుంబాక్కం, మణలి ప్రాంతములగుండ సాగి, ఎన్నూరు ఉప్పుటేటికి ఎగువను కుశస్థలి నదిలో కలియును. కుశస్థలికి నీరిచ్చు నగరి, నంది యేరులు చిత్తూరు సీమ కొండలలో పుట్టినవి. ఆ నదిమీద 1944లో పూండి జలాశయము ఏర్పడినది. 1983 నాటి తెలుగుగంగ ఒడంబడిక వలన 1996లో కృష్ణాజలము పూండి చేరినది. పూండినుండి కాలువద్వారా పుళల్ చేరును. కావున మాధవరపు పడమటి చెరువులో చిత్తూరు వానయు, కృష్ణమ్మ నీరును కలిసియుండును. ఈ ఊరి వెల్లువ ఈ ఊరి వానవలననే కలుగునది కాదు. ఎగువ వారి నీరును మోయవలసిన నేల ఇది.

2011 అక్టోబరులో చెన్నై నగరపాలక సంస్థ హద్దులు పెరిగినవి. 9 పురపాలక సంఘములు, 8 పట్టణ పంచాయతులు, 25 గ్రామ పంచాయతులు కలిసి, 174 చదరపు కిలోమీటర్ల నగరము 426 చదరపు కిలోమీటర్లదైనది. మాధవరము పురపాలక సంఘము పోయి 3వ మండలమునకు పేరైనది. పుళల్, వడపెరుంబాక్కం, కదిర్వేడు, సూరపట్టు మున్నగు ఊళ్లును నగరములోనివైనవి. హద్దు ఒక్కదినమున మారినది. నేల మాత్రము తన స్వభావమును అంత త్వరగ మార్చుకొనదు. చెరువు, ఆయకట్టు, బీడు, పోరంబోకు, పశువుల మేతనేల అన్నియు వెనుకటివలెనే నీటిని పట్టుచునే యున్నవి. క్రమముగ ఇండ్లస్థలములు, గిడ్డంగులు, లారీల ఆవరణములు వాని చోటును ఆక్రమించినవి.

దాని ఫలమును 2015 డిసెంబరున చూచితిమి. 2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిచౌంగ్ తుపాను చెన్నపట్టణమును ముంచి, పిదప బాపట్ల వద్ద తీరము దాటినప్పుడు మరల చూచితిమి. పుళల్ అలుగునీరు వచ్చినపుడు వడపెరుంబాక్కం బాట మునుగుట ఈ ప్రాంతపువారు ఎరిగిన సంగతియే.

4. ఒక ఎకరపు లెక్క

ఒక ఎకరము నేలమీద 10 సెంటీమీటర్ల వాన కురిసినచో పడిన నీరు సుమారు 4 లక్షల లీటర్లు. నవంబరు నెలలో చెన్నపట్టణమున ఒక్కదినమున ఇంత వాన పడుట వింత కాదు.

ఆ ఎకరము సిమెంటుతో పరచిన ఆవరణమైనచో పదింట తొమ్మిది పాళ్లు నీరు బయటికి పారునని ఇంజనీర్లు లెక్కకట్టుదురు. అనగా 3 లక్షల 60 వేల లీటర్లు. దున్నిన మెట్టనేల యైనచో, నేల గుణమును, వాలును బట్టి పదింట రెండు మొదలు నాలుగు పాళ్లవరకు పారును. మూడు పాళ్లని తీసికొన్నను 1 లక్ష 20 వేల లీటర్లు. తేడా 2 లక్షల 40 వేల లీటర్లు. 12 వేల లీటర్ల లారీతో మోసినచో ఇది 20 లారీల నీరు. ఇక మాగాణి యైనచో లెక్క మరియొక తీరు. గట్టు అరజాన ఎత్తుండి, మడి ఎండియున్నచో, ఆ పది సెంటీమీటర్ల వానయు మడిలోనే నిలుచును. కాలువకు పోవునది దాదాపు శూన్యము.

ఎకరమునకు 18 గ్రౌండ్లు. అదే నేల స్థలములుగ విడిపోయి, ఇండ్లును బాటలును లేచినప్పుడు, నిన్నటివరకు నిలిచిన నీరు నేడు బయలుదేరును. ఆ నీటికొరకు కొత్తకాలువ కావలెను. ఆ కాలువకు ధనము కావలెను. తిరువొత్తియూరు, మణలి, మాధవరము మొదలగు మండలముల కొరకు, కుశస్థలి పరీవాహమున వాననీటి కాలువల పథకమునకు ఆసియా అభివృద్ధి బ్యాంకు 2021లో 25 కోట్ల 10 లక్షల డాలర్ల ఋణమును అంగీకరించినది. 588 కిలోమీటర్ల కొత్త కాలువలు, 175 కిలోమీటర్ల పాతకాలువల బాగుసేత అందలి ఉద్దేశములు. పొలము ఊరకే చేయుచుండిన పనిలో కొంతభాగమును ఇప్పుడు అప్పుచేసి చేయించుకొనవలసి వచ్చినదని దీని తాత్పర్యము.

5. ఇప్పుడు ఎవరు భరించుచున్నారు?

చెన్నపట్టణమున వాననీటికి వేరుగ రుసుము లేదు. 1919 నాటి మదరాసు నగర పురపాలక చట్టమున ఆస్తిపన్నులో నీరు, మురుగుల కొరకు ఒక భాగము ఉండెను. 1978 చట్టముచే ఏర్పడిన నీటిసరఫరా మండలి ఆ పనిని తీసికొనినది; కాని దాని పని త్రాగునీరు, మురుగునీరు. బాటప్రక్క వాననీటి కాలువలు నగరపాలక సంస్థవి. నదులు, పెద్ద చెరువులు రాష్ట్రప్రభుత్వపు జలవనరుల శాఖవి. నీరు ఒక్కటే, యజమానులు ముగ్గురు. కాలువల వ్యయము ఆస్తిపన్నునుండియు, ప్రభుత్వ నిధులనుండియు, ఋణములనుండియు వచ్చుచున్నది.

ఆస్తిపన్ను కట్టడపు వైశాల్యమును బట్టి విధింపబడును. మూడంతస్తుల ఇల్లు మూడంతస్తులకును పన్ను కట్టును. వాన మాత్రము ఒక్క కప్పుమీదనే కురియును. మూలనొక చిన్న గది కట్టి, రెండెకరములు సిమెంటుతో పరచి లారీలు నిలుపుకొనువాడు ఆ గది కొలతను బట్టియే కట్టడపు పన్ను చెల్లించును. అతని ఆవరణమునుండి బయలుదేరు నీరు ఒక వీధివారి నీటికంటె ఎక్కువ. ఖాళీస్థలమునకు వేరుగ పన్ను వేసినను అది స్థలపు కొలతనే చూచును గాని నేల నీరింకునదా కాదా యని చూడదు. జర్మనీ న్యాయస్థానములు గుర్తించిన అన్యాయమునకు ఇది మరియొక రూపము.

సేద్యపు నేలను వేరుగ చూడవలెనను బుద్ధి మన చట్టములకు కొత్త కాదు. మాధవరము పురపాలక సంఘముగ నున్నప్పుడు వర్తించిన 1920 నాటి జిల్లా పురపాలక చట్టము, కేవలము సేద్యమునకే వాడబడు భూములను కట్టడములతో జతచేయక, వాని సాలువిలువలో కొంతపాలును మాత్రమే పన్నుగ నిర్ణయించునట్లు వేరుదారి చూపినది. 2022లో చెన్నైలో ఆస్తిపన్ను పెంచినపుడు 2011లో చేరిన ప్రాంతములకు పాతనగరము కంటె తక్కువ పెంపు విధించిరి. చట్టములో మర్యాద యున్నది. లేనిది ఆ మర్యాదకు నీటిలెక్క.

6. దశబంధము

తెలుగుదేశపు పూర్వపరిపాలనలో ఈ ప్రశ్నకు సమాధానము వంటిది ఒకటి కలదు. కడప, చిత్తూరు, అనంతపురము సీమలలో దశబంధ మాన్యములు ఉండెడివి. చెరువు కట్టినవానికి, లేక కట్టను కాపాడుట తన బాధ్యతగ స్వీకరించినవానికి భూమినో, శిస్తులో కొంతపాలునో ప్రభువు వదలివేయుచుండెను. దానిని ఎవ్వరును భిక్షమనలేదు. అది చేసిన సేవకు ప్రతిఫలము. కట్ట తెగనిచ్చి, పూడిక తీయక ఊరకున్నవానికి ఆ మాన్యముపై హక్కు నిలువరాదు. సేవ యున్నంతకాలమే మాన్యము.

తమిళ సీమయందలి కుడిమరామత్తు దీనికి జత. ఊరివారు ఏటేట కూడి పంటకాలువలు బాగుచేసికొనెడివారు. 1858లో ఈ ఆచారమునకు చట్టరూపము కలిగెను. ఆ ఏర్పాటున నిర్బంధపు దోషము లేకపోలేదు. బలవంతపు పనిలో బడుగువాని వీపే ఎక్కువ వంగినది. దానిని మరల తేవలెనని ఎవరును కోరరు. అయినను నీటిని కాపాడుట వెలగల పని యనియు, ఆ పనిని ఖాతాలో వ్రాయవలెననియు పూర్వులు ఎరిగియుండిరనుట సత్యము.

7. ఆక్షేపణలు

పొలమునకు వెల తగ్గింపవలెనన్న వాదమునకు మూడు ఆక్షేపణలు కలవు.

మొదటిది: నానిన నేల నీరు పీల్చదు. వారముదినములు ఎడతెగక కురిసిన పిదప బంకనేల రాతినేలవలె ప్రవర్తించును. ఇది నిజము. కావున పొలమునకు రుసుము తక్కువ కావలెను గాని పూర్తిగ లేకుండుట అన్నిచోట్ల న్యాయము కాదు. గట్టుగల మాగాణికి ఒకటి, వాలుగల మెట్టకు మరియొకటి.

రెండవది: సేద్యమను పేరు మాత్రము ఉండి సేద్యము లేని నేల. అడంగలులో పంట వ్రాసియుండును; నేలపై రాళ్లు పాతియుండును. ధర పెరుగువరకు బీడుంచి, తగ్గింపు ఫలమును అనుభవించి, పిదప స్థలములుగ అమ్ముకొనువానికి రైతు పేరిట మేలు చేయుట నిజమైన రైతునకే ద్రోహము. ప్రత్యక్షముగ చూచి నిర్ణయింపవలెను.

మూడవది మిక్కిలి బరువైనది: లోటును ఎవరు పూడ్చవలెను? రెండు సెంట్లలో రేకులకప్పు క్రింద నివసించు కూలివానిపై ఆ భారము పడినచో, ఒక బలహీనుని ఆదుకొనుటకు మరియొక బలహీనుని పడద్రోసినట్లగును. రుసుము నీరింకని నేల కొలతను బట్టియే యుండినచో ఈ భయము చాలవరకు తీరును. చిన్నకప్పునకు చిన్నరుసుము, విశాలమైన గిడ్డంగికి, ఆవరణమునకు దానికి తగినంత. పొలము విడిచిన భారము కూలివానిపై పడదు; నీటిని పంపినవానిపైనే పడును.

8. న్యాయమైన పద్ధతి

పై విచారమునుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి. చెన్నపట్టణమున ఎన్నడైన వాననీటి రుసుము పెట్టుట తటస్థించినచో, కట్టడపు కొలతను గాక నీరింకని నేల కొలతను ఆధారముగ గొనవలెను. పొలమందలి పశువుల కొట్టమునకు, పాకకు వాని కప్పు మేరకు రుసుము ఉండవచ్చును. ఆ కప్పునీరు పొలములోని గుంటకే చేరినచో అదియు తగ్గవలెను. గట్టులు, గుంటలు, పంటకాలువలు చక్కగ నుంచుకొను రైతునకు దశబంధము వలె ప్రతిఫలము ఉండవలెను. మానినచో అది ఆగవలెను. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరము ఇరుగుపొరుగువారు కలిసి పెంచు సామూహిక తోటలకు ఈ రుసుమునుండి మినహాయింపు నిచ్చినది. పాఠశాలల తోటలకును, మేతనేలలకును ఆ మర్యాద తగును. 2003లో తమిళనాడు ప్రతి కట్టడమునకును వాననీటి ఇంకుడు ఏర్పాటును విధిగ చేసినది. ఆ ఏర్పాటును నిజముగ పనిచేయించు గృహస్థునకును తగ్గింపు ఇచ్చినచో, పల్లె పట్టణముల వైరమునకు తావుండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. రుసుము తగ్గించినంతమాత్రమున పొలము నిలువదు. మాధవరమున ఒక గ్రౌండు నేల పలుకు ధరముందు ఏ వాననీటి రుసుమైనను చిటికెడు ఉప్పు వంటిది. ఆ చిటికెడు రాయితీని చూచి ఏ రైతును అమ్మకము మానడు. కాని లెక్కలో వ్రాసినదానిని లెక్కచేయుట మనుష్యస్వభావము. పొలము పట్టిన నీరు ఇంత, దాని వెల ఇంత అని ఏటేట నగరపు ఖాతాలో ఎక్కినచో, ఒక ఆయకట్టు స్థలములుగ మారుటకు అనుమతి కోరినప్పుడు, దానితో పోవు సేవకు వెల ఎంత, కొత్తకాలువకు అప్పు ఎంత అని ప్రశ్నించుటకు ఆధారము దొరకును. నేడు ఆ ప్రశ్నకు ఆధారము లేదు; అందుచే అడుగువారును లేరు.

మాధవరమున మిగిలిన మడులు కొద్ది. వానిని కాపాడుటకు దయతో పనిలేదు. అవి చేయు పనిని గుర్తించి, కొలిచి, బాకీ తీర్చిన చాలును. నీటికి పల్లమెరుగుట సహజగుణము. ఆ పల్లములో ఎవరి ఇండ్లున్నవో ఎరుగవలసినది నగరము.